అన్నయ్య పొలం గడ్డి

హోబర్ట్ మంచివాడని మా చర్చిలో ఇంకొక్కసారి ఎవరైనా నా ముందు అంటే లేచి బయటికి పోతాను. మంచివాడే, నేను కాదనను. ఎవరింట్లో చావైనా ముందు అతని బండే వస్తుంది. మంచు కురిస్తే ముసలివాళ్ళ వాకిళ్ళన్నీ ట్రాక్టరుతో తోసి పెడతాడు. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి దులుపుకుని పోయేదాన్ని. మంచివాడు చేసిన పనికి ఎవరిమీద అరవాలో తెలియక ఏడాదిపాటు నా కుక్కమీద అరిచాను.

హోబర్ట్ గురించి కాదులెండి చెప్పదలచుకున్నది. అతని చెల్లెలు రేవా గురించి. రేవా కూంబ్స్ నాకు పినతల్లి కూతురు, పక్కింటి మనిషి. మా టర్కీపెన్ లోయలో బడి ఉన్నన్నాళ్ళూ ఆ బడి వంటమనిషి. తూర్పు కెంటకీలో బళ్ళు ఒక్కొక్కటీ మూసేసి పిల్లల్ని బస్సెక్కించి టౌనుకి తోలడం మొదలుపెట్టినప్పుడు మా బడీ పోయింది, దాంతో రేవా పనీ పోయింది. పోయినందుకు ఏడుస్తుందని నేను కూరొండుకుని తీసుకెళ్ళాను. ఏడవడం లేదు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూ, "నా జీవితమంతా డబ్బాలు కోశానే జువెల్," అంది. "మన లోయ పిల్లలకి డబ్బాలో వచ్చిన చిక్కుడు పెట్టాను. ఇంటి వెనక మామ్మ చిక్కుడు పెట్టుకుని, పిల్లలకి డబ్బా చిక్కుడు పెట్టాను. సిగ్గు లేదూ నాకు?"

మామ్మ చిక్కుడంటే మా ఇంటివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రేవా తండ్రి తల్లి పండించిన జిడ్డు చిక్కుడు అది. కాయమీద నూగుండదు, నూనె రాసినట్టు మెరుస్తుంది. పచ్చిది పంది కొవ్వు వేసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉడికిస్తే ఆ వాసనకి వాగు అవతలివాళ్ళు కూడా ఏదో వంక పెట్టుకుని వస్తారు. మిగిలిన కాయలు సూదీ దారంతో దండలు గుచ్చి, పొయ్యి వెనక ఎండబెట్టి, క్రిస్మస్‌కి వండుకుంటాం. ఆ విత్తనం కొట్లో దొరకదు. ఇంకే లోయలోనూ లేదు. మా తరంలో అందరూ డబ్బాలకి మరిగాక దాన్ని విడవకుండా పెంచింది రేవా ఒక్కతే. ఆమె చేతిలో పోతే అది ఇక పోయినట్టే. ఈ సంగతి ఆమెకి తెలుసు, మాకందరికీ తెలుసు. తెలిసి కూడా మేం మాత్రం క్రిస్మస్‌కి గిన్నెలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడేవాళ్ళం.

నేల విషయంలో ఆమెకి మొదటినుంచీ అన్యాయమే జరిగింది. వాగు ఒడ్డున మామ్మ పండించిన పల్లం నేల, మా లోయ మొత్తానికి చదునుగా ఉన్న ఒకే ఒక ముక్క, పెద్దవాడని హోబర్ట్‌కి వెళ్ళింది. అతను దాన్ని ఆవుల కోసం గడ్డిపొలం చేశాడు. రేవాకి కొండవాలు మీద ఇల్లొచ్చింది. పైన కొండని తవ్విన బొగ్గు కంపెనీ తన దారిన తను పోయాక, వాన పడిన ప్రతిసారీ పలకరాళ్ళూ పసుపుపచ్చ బంకమన్నూ ఆమె పెరట్లోకే దిగేవి. పార దిగితే నిప్పులొచ్చే నేల అది. కంచె పక్కన చిన్న చాళ్ళలో మాత్రం విత్తనం నిలబెట్టుకుంటూ వచ్చింది. ఆ కంపెనీవాళ్ళు ఎవరైనా వచ్చి ఆమెకి క్షమాపణ చెప్పారా? మీరు నవ్వండి, నేను నవ్వను.

బడి మూసిన చలికాలంలో టౌను లైబ్రరీలో పర్మాకల్చర్ క్లాసు, అంటే దున్నకుండా, మందుల్లేకుండా నేలని బాగుచేసుకుని పండించే పద్ధతి, పెడుతున్నారని తెలిసి రేవా వెళ్ళింది. నన్నూ లాక్కెళ్ళింది. చెప్పేది కేరిస్ అనే అమ్మాయి, ముక్కుకి పోగు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. మొదటిరోజే రేవా చెయ్యెత్తి, "పిల్లా, నా పెరట్లో మన్ను లేదు, రాయే ఉంది. దానికేమైనా చెప్తావా, లేకపోతే నేను ఇంటికెళ్ళి టీవీ చూసుకుంటాను," అంది. కేరిస్ నవ్వలేదు. "మన్ను లేకపోతే చేసుకుందాం. కొన్నేళ్ళు పడుతుంది. మీకు ఓపికుందా?" అనడిగింది. రేవా ఆ రోజునుంచి ముందు బెంచీ వదల్లేదు.

ఆమె నేర్చుకున్నంత కసిగా ఎవరూ ఏదీ నేర్చుకోవడం నేను చూడలేదు. వాలుకి అడ్డంగా కందకాలు తవ్వింది. వాన నీళ్ళు కిందికి పరిగెత్తకుండా అక్కడే ఆగి ఇంకడం చూసి గొడుగు వేసుకుని వాటి పక్కనే నిలబడేది. అట్టపెట్టెలు చింపి నేలంతా పరిచి, దాని మీద ఆకులూ వంటింటి చెత్తా కోళ్ళ పెంటా పోసి కప్పింది. దున్నడం మానేసింది. లోయంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది హోబర్ట్. "మా చెల్లి చెత్త పండిస్తోంది, కోతకి రండి," అని చర్చి మెట్లమీద నిలబడి అనేవాడు. రేవా ముఖం ఎర్రబడేది, కానీ అన్నయ్యని ఎదురు మాట అనేది కాదు. మా దగ్గర అన్నని ఎదిరించరు. నాకైతే ఆ మెట్లమీదనుంచి అతన్ని కిందికి తోసెయ్యాలనిపించేది.

మూడో ఏటికల్లా రాతి మీద నల్లటి మన్ను లేచింది. చేత్తో తవ్వితే వానపాములు. క్లాసుకి కొత్తగా వచ్చేవాళ్ళని కేరిస్ నేరుగా రేవా పెరట్లోకే తీసుకొచ్చేది, రేవా వాళ్ళకి పాఠం చెప్పేది. ఓటిస్ అని బొగ్గు లారీలు తోలి మానేసినవాడు ఒకడుండేవాడు, పెళ్ళాం పోయాక కాలక్షేపానికి వచ్చేవాడు. వాడి బద్ధకం చూస్తే రేవాకి ఒళ్ళు మండేది.

"ఓటిస్, పోయిన వారం కందకం తవ్వమన్నానా లేదా?"

"తవ్వుదామనే లేచాను మేడమ్ కంపోస్టు. నడుం ఒప్పుకోలేదు."

"నీ నడుం తిండికి మాత్రం వంగుతుందిగా!"

"అది వేరే నడుం," అనేవాడు.

ఆ ఏడాది వసంతంలో రేవా ఒక నిర్ణయం తీసుకుంది. మామ్మ చిక్కుడు ఒక్క పెరట్లో ఉంటే ఎప్పటికైనా ప్రమాదమే కాబట్టి క్లాసులో ఉన్న అందరికీ విత్తనం పంచింది. మిగిలిందంతా తన కొత్త మన్నులో వేసింది. మామ్మ ఎప్పుడూ సగం విత్తనం సీసాలో దాచేది. రేవా కూడా అన్నాళ్ళూ అలాగే దాచింది. ఆ ఏడాది మాత్రం సీసా ఖాళీ అయింది. "ఇన్ని ఇళ్ళలో పెరుగుతుంటే సీసా ఎందుకే?" అంది నాతో. ఆ ముఖంలో అంత వెలుగు నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు. నేను కూడా సరేనన్నాను.

సరిగ్గా అప్పుడే హోబర్ట్ వచ్చాడు. ట్రెయిలరు నిండా గడ్డి చుట్టలు. "పోయినేటి గడ్డి మిగిలిపోయింది. ఆవులు తగ్గించాను, ఈ మోకాళ్ళతో నా వల్ల కావడం లేదు. నీ తోటకి పనికొస్తుందేమో తీసుకో," అన్నాడు. డబ్బులేమీ అడగలేదు. ఇంకా ఉంది, మీ క్లాసువాళ్ళకి కూడా పట్టుకెళ్ళమన్నాడు. అట్టల మీద పరచడానికి గడ్డి దొరక్క మేమంతా వెతుక్కుంటున్న రోజులవి. రేవా కళ్ళు తుడుచుకుంది. గడ్డికి కాదు. అంతకాలం నవ్విన అన్నయ్య మొదటిసారి ఆమె పని ఒక పని అని ఒప్పుకున్నాడు, అందుకు.

కేరిస్ అడిగింది. నేనక్కడే ఉన్నాను. "గడ్డి ఎక్కడిదైనా సరే, ఆ పొలంలో ఏం మందు కొట్టారో ముందు అడగాలి, గుర్తుందా? అడిగావా రేవా?"

"మా అన్నయ్య గడ్డి పిల్లా."

"అన్నయ్యదైనా."

"మా దగ్గర అన్నని అలా అడగరు. అడిగితే నమ్మలేదని. అతను ఆవులకి పెట్టే గడ్డి అది, నాకు విషం ఇస్తాడా?" అని రేవా చాలా గట్టిగా అంది. కేరిస్ ఏదో అనబోయి ఊరుకుంది. బయటి పిల్ల, మా రక్తసంబంధాల మధ్య దూరడం ఎందుకనుకుందేమో. రేవా స్వయంగా నా ఇంటికి గడ్డి తెచ్చింది. ఇంటింటికీ తిరిగి తనే పరిచింది. ఓటిస్‌కి మాత్రం, "వచ్చి పట్టుకుపో, నీకు మోసిపెట్టడానికి నేను నీ పెళ్ళాన్ని కాదు," అని కబురు పెట్టింది. వాడు రాలేదు.

మొదట చెడింది నా టొమాటోలు. కొత్త ఆకులు విప్పుకోకుండా పిడికిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. చలికనుకున్నాను. తరవాత తెగులనుకున్నాను. రేవా పెరటికెళ్ళి చూస్తే ఆమె చిక్కుడుతీగల ముందు గొంతుక్కూర్చుని ఉంది. తీగ చివరలు మెలితిరిగి గట్టిపడి పోయాయి. పూత రాలేదు, వచ్చినచోట రాలిపోయింది. పక్కనే మొక్కజొన్న మాత్రం ఏమీ ఎరగనట్టు ఏపుగా ఉంది. అది చూస్తే నాకు అసలు కోపం ఆ మొక్కజొన్నమీదే వచ్చింది.

కేరిస్ వచ్చింది. ఒక్క ఆకు తుంచి చూసింది, మొక్కజొన్న చూసింది, గడ్డి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది.

"కలుపు మందు. గడ్డిపొలాల్లో ముళ్ళ మొక్కలకి కొట్టేది. గడ్డిజాతిని ఏమీ చెయ్యదు, అందుకే మొక్కజొన్న బాగుంది. గడ్డిలో అలాగే ఉండిపోతుంది. ఆవు తిన్నా పేడలో కూడా ఉంటుంది. చిక్కుడూ టొమాటో దాన్ని తట్టుకోలేవు," అంది. "గడ్డి మొత్తం తీసెయ్యాలి. అందరి ఇళ్ళలోనూ. ఇవాళే."

రేవా లేచి నిలబడింది. ఏడవలేదు. పళ్ళపార తీసుకుంది. ఆ రోజూ మర్నాడూ ఇంటింటికీ వెళ్ళి, తను పరిచిన గడ్డిని తనే లాగి కుప్ప పోసింది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పింది: "నేను తెచ్చింది విషం. మీ తోట నేనే చంపాను." కొంతమంది పరవాలేదన్నారు. ఒకావిడ తలుపు వేసేసింది. నేను మాత్రం ఆమెని ఓదార్చలేదు. నాకూ కోపంగానే ఉంది. కడుపు నిండా ఉంది, కానీ ఆమె మీద కాదు.

సాయంత్రం ఇద్దరం హోబర్ట్ ఇంటికి వెళ్ళాం. అతను వరండాలో కూర్చుని మొక్కజొన్న రొట్టె పాలలో నానేసుకుని తింటున్నాడు. ఎదురుగా ఆ పొలం, ఒక్క కలుపు మొక్క లేకుండా, దువ్వినట్టు నున్నగా ఉంది. అన్నేళ్ళు ఆ పొలం పక్కనుంచి చర్చికి పోతూ అబ్బా ఎంత శుభ్రంగా ఉంచాడు అని మెచ్చుకునేవాళ్ళం.

"అన్నయ్యా, పొలంలో కలుపు మందు కొట్టావా?" అంది రేవా.

"ఏటా కొడతాను. ముళ్ళ మొక్కలు. నేను వంగి కొయ్యగలనా?"

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

అంతే. చెంచాతో రొట్టె తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను నా జీవితంలో చాలా మాటలు విన్నాను, నా మొదటి మొగుడి నోట కూడా విన్నాను. అంత మంట పుట్టించిన మాట ఇంకోటి లేదు.

"అడగలేదా? అడగలేదా హోబర్ట్? అడిగితే నీ మొహం ఎంత మాడుతుందో తెలిసి అడగలేదు! నువ్వు అన్నవని అడగలేదు!" అని నేనే అరిచాను.

"ఆవులు ఆ గడ్డే తింటున్నాయి జువెల్. చచ్చాయా? ఆ పాలే తాగుతున్నాను. చచ్చానా?" అన్నాడు. తరవాత చెల్లెలికేసి చూసి, "భూమిలో అట్టపెట్టెలు పాతిపెడితే పంటెలా వస్తుందే? అది నీ క్లాసు చేసిన పని, నా గడ్డి కాదు," అన్నాడు. రేవా ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగింది. నాకు ఆమెని పట్టుకుని కుదపాలనిపించింది.

చిక్కుడు పోయింది. ఎక్కడా ఒక్క కాయ కట్టలేదు. సీసా ఖాళీ. రేవా ఒకరోజు ఆ సీసా కడిగి బోర్లించింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఓటిస్ గడ్డి తీసుకుపోలేదు కదా అని. ఇద్దరం నా బండెక్కి వాడింటికి పోయాం. పెరడంతా నడుమెత్తు కలుపు, దాని మధ్యలో పాత మంచం చట్రానికి అల్లుకుని మామ్మ చిక్కుడు. ఆకులు పచ్చగా, చదునుగా ఉన్నాయి. రేవా కంచె పట్టుకుని నిలబడిపోయింది. ఓటిస్ గుమ్మంలోకి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "తిట్టడానికే వచ్చావుగా, కానీ. కలుపు తియ్యలేదు, గడ్డి పరచలేదు, ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

"కాయలేవిరా?"

"మంచివన్నీ నిన్న ఉడకేశాను. ఏం రుచి మేడమ్! ఇంకా గిన్నెలో ఉన్నాయి, తింటారా?"

రేవా వాడి మీదికి ఉరికింది. నేను నడుం పట్టుకుని ఆపకపోతే ఆ రోజు మా లోయలో హత్య జరిగేది. "విత్తనంరా అది! అది విత్తనం!" అని ఒకటే అరుపు. ఓటిస్ భయపడి గడపలోకి నక్కి, "నాకెవరు చెప్పారు? తినడానికే కదా ఇచ్చావు!" అంటున్నాడు. తీగ మీద ఇంకా లేత కాయలు ఉన్నాయి, పూతా ఉంది. ఆ రోజునుంచి మొదటి మంచు పడే దాకా రేవా ప్రతి మధ్యాహ్నం వాడి పెరట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఓటిస్ ఆమెకి కాఫీ తెచ్చి ఇచ్చేవాడు. ఆమె తిడుతూ తాగేది. చివరికి ఎండిన కాయలు ఒలిస్తే రెండు దోసిళ్ళు వచ్చాయి. రేవా వాటిని సీసాలో పోసి, మూత బిగించి, పడగ్గదిలో పెట్టుకుంది. మామ్మ చిక్కుడు ఇంకా ఉంది, అంతే. ఓటిస్ పెరట్లో ఆ మంచమంత చోటు తప్ప పెంచడానికి మంచి నేల లేదు. ఆమె మూడేళ్ళ మన్ను పాడైంది. మా మన్నూ పాడైంది. మిగతాదంతా పలకరాయి.

ఈలోగా ఆమె ఇంకో పని చేసింది. కొట్లో కొన్న మామూలు చిక్కుడుగింజలు రెండు కుండీల్లో పెట్టింది. ఒక దానిలో ఓటిస్ పెరటి మన్ను, ఇంకో దానిలో హోబర్ట్ పొలం మన్ను, అదే పొలం గడ్డి నలిపి కలిపింది. రెండూ తీసుకెళ్ళి హోబర్ట్ వంటింటి కిటికీలో పెట్టి, "రెంటికీ నువ్వే నీళ్ళు పొయ్యి," అంది. కేరిస్ చెప్పిన పరీక్ష అది. హోబర్ట్ గొణిగాడు, కానీ పోశాడు. అదీ అతని మంచితనమే మరి.

కొన్నాళ్ళకి అతనే ఫోను చేశాడు. వెళ్ళాం. ఒక కుండీలో మొక్క నిటారుగా ఉంది. ఇంకో దానిలోది వంకర తిరిగి, ఆకులు ముడుచుకుని, తల నేలకి వాల్చేసింది. హోబర్ట్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మందుల కొట్టువాడు చెప్పాడు," అన్నాడు.

"ఏం చెప్పాడు?"

"మందు కొన్నప్పుడు. ఈ గడ్డి తోటల్లో వెయ్యకూడదని. డబ్బా మీద కూడా రాసుంది. నాకేం తోటుందిలే అనుకున్నాను. నీకు గడ్డి తెచ్చిన రోజు గుర్తొచ్చింది. ఏమీ కాదులే, భయపెట్టడానికి రాస్తారులే అనుకున్నాను. నీకు ఏదైనా ఇవ్వాలనిపించింది. అన్నాళ్ళూ నవ్వాను కదా."

నా కోపం అప్పుడు తగ్గిందనుకుంటున్నారేమో, ఇంకా పెరిగింది. తెలిసి ఇచ్చాడు! ప్రేమతో ఇచ్చాడట! ఆ ప్రేమ పట్టుకెళ్ళి వాగులో పారెయ్యమన్నాను. రేవా మాత్రం మంచి మొక్క కుండీ తీసుకుని బయటికి నడిచింది. వంకర మొక్క అక్కడే వదిలేసింది. ఆ క్రిస్మస్‌కి మా ఎవరింట్లోనూ చిక్కుడు లేదు. హోబర్ట్ గిన్నె పట్టుకుని రానూ లేదు.

చలి తగ్గగానే రేవా క్లాసులో లేచి నిలబడింది. "హోబర్ట్ పొలంలో ముళ్ళ మొక్కలు లేస్తున్నాయి. వంగలేడు. వంగలేక మందు కొడతాడు. కొట్టకముందే మనం వెళ్ళి కోద్దాం," అంది.

గదంతా ఒక్కసారి లేచింది. "వాడి పొలానికి మనం చాకిరీ చెయ్యాలా?" అని ఒకరు, "నా టొమాటోలకి ఎవరు చేశారు చాకిరీ?" అని ఇంకొకరు. అరిచినవాళ్ళలో నేనే ముందు.

"అది మామ్మ నేల," అంది రేవా. "ఆ చిక్కుడు పుట్టిన నేల. పలకరాయి మీద దాన్ని ఎన్నాళ్ళు ఈడుస్తాను? మందు ఆపితే రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ మన్ను తేరుకుంటుంది. అప్పటిదాకా ఓటిస్ పెరట్లో బతికించుకుంటాను. కోపంగా ఉంటే కోపంగానే రండి. పారలు తెచ్చుకోండి. తిట్టాలనుంటే అక్కడ తిట్టండి, వింటాడు."

వెళ్ళాం. అందరం వెళ్ళాం. పొద్దున్నే పారలూ కొడవళ్ళూ పట్టుకుని అంతమంది పొలంలో దిగడం చూసి హోబర్ట్ కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తడమంటే ఆ మోకాళ్ళతో ఎంతైతే అంత. ఎవరూ అతన్ని పలకరించలేదు. వరసలు కట్టి ముళ్ళ మొక్కల్ని వేర్లతో లాగుతూ, కంచె దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకరొకరుగా అతని ముఖాన చెప్పారు. "నా మిరపకాయలు హోబర్ట్!" "నా మనవరాలు వేసిన గుమ్మడి!" "నా టొమాటోలు, మొత్తం, ఒక్కటి మిగలకుండా!" ఇది నేను. అతను టోపీ చేత్తో పట్టుకుని ప్రతి మాటకీ తల ఊపాడు. ఓటిస్ ఒక మొక్క పీకి, నడుం పట్టుకుని, "నాకు పోయిందేమీ లేదు, అయినా తిడుతున్నాను," అన్నాడు.

మా లోయలో అందరూ కలిసి ఒకరి పొలంలో పనిచేస్తే ఆ ఇంటివాడు భోజనం పెట్టాలి. చెప్పకుండా వచ్చినా పెట్టాలి. హోబర్ట్ కొట్లో కొన్న పింటో చిక్కుడుగింజలు పెద్ద కుండలో ఉడకేశాడు, మొక్కజొన్న రొట్టె చేశాడు, ఉల్లిపాయ కోశాడు. వరండాలో పొడుగు బల్ల వేశాడు. ముళ్ళు గుచ్చుకున్న చేతులతో కూర్చున్నాం. రేవా అతనికి ఎదురుగా కూర్చుంది. కుండీల రోజునుంచీ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. దండం పెట్టుకుని చెంచాలు ఎత్తబోతుంటే ఆమె అంది:

"అన్నయ్యా. ఈ ఏడాది ఈ పొలంలో ఏం కొట్టావు?"

అందరి ముందూ అడిగింది. ఊరూ పేరూ తెలియనివాడిని అడిగినట్టు అడిగింది. మా చుట్టాలు తలలు దించుకున్నారు. హోబర్ట్ ముఖం నల్లబడింది.

"ఏమీ కొట్టలేదు," అన్నాడు. తరవాత చెంచా కింద పెట్టి, "కొట్టలేదు, కానీ కొన్నాను. షెడ్లో ఉంది. వచ్చే వారం కొడదామనుకున్నాను. కుండీలో మొక్క చూసి కూడా కొన్నాను. ఇంకేం చెయ్యాలో తోచలేదే," అన్నాడు.

ఓటిస్ పెద్ద బూతు మాట అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. రేవా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, రెండో చెయ్యి బల్ల మీదనుంచి అన్నయ్య వైపు చాపింది.

"షెడ్డు తాళం ఇవ్వు."

అతను జేబులన్నీ వెతుక్కుని తాళం చెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇంకేమైనా ఉందా?"

"లేదు."

రేవా అతని ముఖంలోకి చూసింది. నమ్మాలా వద్దా అని చూసినట్టు చాలాసేపు చూసింది. ఆ చూపుకి డెబ్బై దాటిన మనిషి, నలుగురి చావుల్లో ముందు నిలబడే మనిషి, బడిపిల్లాడిలా కూర్చున్నాడు.

"సరే," అంది రేవా. "ఆ రొట్టె ఇటివ్వు."